మాంసకృత్తులను తూచే త్రాసు

చిక్కబళ్ళాపురం, చింతామణి ప్రాంతాల సోదరీమణులకు పట్టుగూళ్ళను గూర్చి వేరే చెప్పనక్కరలేదు. వేడినీళ్ళలో గూటినుండి దారం ఊడివచ్చేది సెరిసిన్ అనే జిగురు మెత్తబడుటవల్లనే. ఆ జిగురూ, ఫైబ్రోయిన్ అనే దారమూ రెండూ మాంసకృత్తులే. మన దేహంలోనూ ఇట్టివి వేలరకాలున్నవి. వాటిని గుర్తుపట్టుట ఎట్లు?

బరువును బట్టి. మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రం అణువులకు విద్యుదావేశమిచ్చి, శూన్యంలో పరుగెత్తించి తూచుతుంది. అయితే మాంసకృత్తుల అణువులు పెద్దవి. ఆవిరి చేయబోతే చితికిపోయేవి. అమెరికాలో జాన్ ఫెన్ వాటిని విద్యుత్తు నిండిన తుంపరలుగా చిమ్మించీ, జపానులో కోయిచి తనాకా లేజరు కిరణంతో పైకి లేపీ ఈ చిక్కు విడదీశారు. 2002లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమానంలో ఇరువురికీ భాగం లభించింది.

2014లో మన పొరుగునే ఉన్న బెంగుళూరు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయోఇన్ఫర్మాటిక్స్ వారు, అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వారితో కలిసి, మానవదేహంలోని 30 రకాల కణజాలాలనూ, కణాలనూ ఈ యంత్రంతో పరీక్షించి, 17,000కు పైగా జన్యువుల మాంసకృత్తులకు పట్టిక వేశారు. ఆరోగ్యవంతుని లెక్క తెలిస్తేనేగదా రోగిలోని హెచ్చుతగ్గులు పట్టుబడేది!

బాగేపల్లికి బెంగుళూరు సుమారు 100 కిలోమీటర్లే. మన పిల్లలు ఆ ప్రయోగశాలల దాకా పోవాలంటే, ముందు ఇంట్లో ఒక పట్టుగూడు చేతికిచ్చి ఈ కథ చెప్పండి.