నీకేం తెలుసు?

"మీతో మగోళ్ళెవరూ రాలేదాండీ?"

రాజోలు దాటి, వశిష్ఠ గట్టు దిగి, కొబ్బరితోటల మధ్య ఆ ఇల్లు పట్టుకునేసరికి నాకు ఎదురైన మొదటి మాట ఇది. నేను వెళ్ళింది పాత కారు ఒకటి చూడటానికి. డబ్బు నాది. లైసెన్సు నాది. పదేళ్ళుగా కారు నడుపుతున్నదీ నేనే. పక్కన, అమలాపురం నుంచి నేను కూలి ఇచ్చి తెచ్చుకున్న మెకానిక్ ఉన్నాడు. ఆయన మగవాడు కనక ఇంటాయన ఊపిరి పీల్చుకుని, అక్కణ్ణించి చివరిదాకా ఆయనతోనే మాట్లాడాడు. ధర ఆయనకే చెప్పాడు. మంచినీళ్ళు ముందు ఆయనకే ఇప్పించాడు. నేనడిగిన ప్రతి ప్రశ్నకీ ఆయన వైపు తిరిగి జవాబిచ్చాడు. "మీ చెల్లెలుగారికాండీ కారు?" అని కూడా అడిగాడు. "కాదండీ, మేడమ్ గారే నన్ను తీసుకొచ్చారు" అని మెకానిక్ రెండుసార్లు చెప్పినా లాభం లేకపోయింది.

ఇది ఆ ఒక్కాయన సంస్కార లోపమైతే రాయాల్సిన పని లేదు. నిజానికి ఆయన చాలా మర్యాదస్తుడు. 'ఆయ్' అనకుండా, 'అండీ' తగిలించకుండా ఒక్క మాట మాట్లాడలేదు. నా తగాదా ఆ మర్యాదతోనే. మన గోదావరి మర్యాద ఆడవాళ్ళకి కుర్చీ వేస్తుంది, బొండం కొట్టిస్తుంది. అనుమానించే హక్కు మాత్రం ఇవ్వదు.

కారు గురించి చెప్పాలి. 2002 మోడల్ హోండా సిటీ వీటెక్. మన దేశంలో ఈ రకం 2000 నుంచి 2003 దాకానే వచ్చింది. ఒకటిన్నర లీటరు ఇంజను, 106 హార్స్‌పవర్. ఇంజను వేగం పెరిగినప్పుడు గాలిని లోపలికి తీసుకునే కవాటాలు ఇంకా ఎక్కువ తెరుచుకుంటాయి. అప్పుడు దాని గొంతు మారిపోతుంది. చిన్నప్పుడు ఒకసారి విన్న ఆ గొంతు నాకిప్పటికీ గుర్తే. ఇలాంటి బండి నీకెందుకు, చిన్న కారు సరిపోదా అని అడిగినవాళ్ళలో నా స్త్రీవాద మిత్రులూ ఉన్నారు. ఆడదానికి కారు అవసరం అంటే లోకం ఒప్పుకుంటుంది. పిల్లల్ని బడికి దింపాలి, అత్తగారిని ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. కారంటే ఇష్టం అంటే ఒప్పుకోదు. వేగం అంటే ఇష్టం అంటే అసలే ఒప్పుకోదు. యద్దనపూడి సులోచనారాణి నవలల ప్రపంచంలో పడవలాంటి కారు కథానాయకుడిది. ఆ నవలలు చదివి పెరిగిన మన అమ్మలు ఆ నాయకుణ్ణి కలగన్నారు. కారునే కలగనొచ్చని వాళ్ళకెవరూ చెప్పలేదు.

పాత కారు చూడటమంటే వరసగా అనుమానించటం. నేనొచ్చేదాకా ఇంజను స్టార్ట్ చెయ్యొద్దని ముందే ఫోనులో చెప్పాను. వెళ్ళి బోనెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. చల్లటి ఇంజను ఏ చప్పుడు చేస్తుందో, ఏ పొగ వదులుతుందో నాకు తెలియకూడదన్నమాట. నీలం పొగ వస్తే ఇంజను ఆయిలు తాగుతోందని, తెల్లపొగ ఆగకుండా వస్తే రేడియేటరు నీళ్ళు లోపలికి పోతున్నాయని అర్థం. గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని బాడీ అంచులమ్మట జరుపుకుంటూ వెళ్ళాను. రేకు ఉన్నచోట పట్టుకుంది. వెనక చక్రం పైన జారిపోయింది. అక్కడున్నది రేకు కాదు, లప్పం. ఉప్పుగాలి తగిలే ఊళ్ళలో తుప్పు అలాంటి చోట్లే కొరుకుతుంది. మీటరు అరవై వేల కిలోమీటర్లంటోంది. క్లచ్ పెడల్ రబ్బరు చూస్తే నున్నగా అరిగిపోయింది. మీటరుని వెనక్కి తిప్పొచ్చు, అరిగిన రబ్బరుని తిప్పలేం.

"పెళ్ళిచూపులకొచ్చినట్టు చూస్తన్నారేంటండీ" అని ఇంటాయన నవ్వాడు, మెకానిక్‌ని చూసి. నాకు నవ్వు రాలేదు. నా పెళ్ళిచూపుల్లో నన్ను నడిచి చూపించమన్నారు. నా పిహెచ్.డి. ఎప్పటికి తెములుతుందో, ఆ తర్వాత జీతమెంత వస్తుందో అడిగారు. అవతలాయన అప్పుల గురించి నేనడగబోతే మా పెద్దమ్మ నా చెయ్యి నొక్కింది. చూడబడటం మనకి బాగానే నేర్పారు. చూడటమే నేర్పలేదు.

ఆఖర్న డ్రైవరు సీటుబెల్టు మొత్తం బయటికి లాగాను. రోజూ వాడేవాళ్ళెవరూ అంతదాకా లాగరు. చివరి జానెడు మీద ఎండిన ఒండ్రు గీత ఉంది. సీటు కింద పట్టాలు తుప్పుపట్టి ఉన్నాయి. స్టెప్నీ పెట్టే గుంటలో ఇసక.

"2022 జూలైలో ఈ కారెక్కడుందండీ?" అని అడిగాను.

ఆ నెల ఏమిటో కోనసీమలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చి, లంకలు నీళ్ళలో మునిగిన నెల అది. "అప్పుడిది రాజమండ్రిలో ఉందండీ" అని ఆయన మెకానిక్‌కి చెప్పాడు.

గుమ్మంలో నిలబడ్డ ఆయన భార్య అప్పుడు నోరు విప్పింది. "ఇక్కడే ఉందండి. సీట్లదాకా నీళ్ళొచ్చేసినియ్యి. మూడ్రోజులు నేనే కడిగేను ఒండ్రు."

"నీకేం తెలుసు? లోపలికెళ్ళు" అన్నాడాయన. గొంతు కూడా పెంచలేదు.

ఆ ఇంట్లో ఆ కారు గురించి అందరికంటే ఎక్కువ తెలిసింది ఆవిడకే. నీళ్ళు ఎంతవరకూ వచ్చాయో, ఏ మూల ఒండ్రు పేరుకుందో ఆవిడ చేతులకి తెలుసు. కానీ అది తెలివి కింద లెక్కకి రాలేదు. చాకిరీ కింద పోయింది. మంత్రసాని తెలిసినదీ, విత్తనం దాచే రైతుకూలీ తెలిసినదీ ఇలాగే పోయాయని మనం ఎన్నో వ్యాసాల్లో రాసుకున్నాం. యంత్రం దగ్గరకొచ్చేసరికి మాత్రం అది మగవాళ్ళ వ్యవహారమని మనమే వదిలేశాం. విమల 'వంటిల్లు' రాశాక వంటింటిని మునుపటిలా చూడలేకపోయాం. కార్‌షెడ్డుని మాత్రం ఇంతవరకూ మనం చూడనే లేదు.

నేను వచ్చేస్తుంటే ఆవిడ గేటు దగ్గర ఇంకో మాట చెప్పింది. ఆ కారు ఆవిడ కువైట్‌లో ఇంటిపని చేస్తూ పంపిన డబ్బుతో కొన్నది. ఆర్.సి. నేను అప్పటికే చూశాను. దాని మీదున్నది ఆయన పేరు. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు గల్ఫ్ దేశాలకి పనికి వెళ్ళిన ఆడవాళ్ళు లేని ఊరు వెతుక్కోవాలి. వాళ్ళ డబ్బుతో డాబాలు లేచాయి, బళ్ళొచ్చాయి. కాగితాల మీద ఎవరి పేర్లున్నాయో ఎప్పుడైనా లెక్క తీశామా?

కాగితం మీద పేరుతో ఏమవుతుందనేవాళ్ళకి చట్టం జవాబు చెప్తుంది. 1988 మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం బండి చేతులు మారితే ఆ సంగతి రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలి. తెలియజేయకపోతే? ప్రమాదం జరిగిన నాటికి రికార్డులో ఎవరి పేరుంటే వాళ్ళే యజమాని, నష్టపరిహారం బాధ్యత వాళ్ళదేనని 2018లో సుప్రీంకోర్టు నవీన్‌కుమార్ కేసులో తేల్చింది. అంటే పేరే యాజమాన్యం. దీనికి రెండో వైపూ ఉంది. పేరు మాత్రం భార్యది పెట్టి, ఆమెకి తెలియకుండా బండి తనఖా పెట్టే మగవాళ్ళూ ఉన్నారు. సంతకం పెట్టేముందు చదివే హక్కు లేని చోట పేరున్నా లేనట్టే.

ఈ కథ రాజోలుది మాత్రమే కాదు. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ భర్తకి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి కారులో వెళ్ళింది. అంత దూరం కారులో వెళ్ళడం అదే మొదలు. పెట్రోలు గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో శుభ్రం చేసింది. బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత తోలు వేయించింది. భర్త వ్యాపారం నిలబడింది ఆమె కట్నం డబ్బుతోనే. 1886 నాటి పేటెంటు మీదున్నది మాత్రం ఆయన పేరు.

ఆడవాళ్ళు బండి నడపడం ఇప్పుడు లోకం ఒప్పుకుంది. 2015లో నల్గొండ జిల్లా అమ్మాయి వి. సరిత ఢిల్లీ రవాణా సంస్థలో తొలి మహిళా బస్సు డ్రైవరైతే పత్రికలన్నీ ఫోటో వేశాయి. కానీ నడపడం వేరు, ఏ బండి కొనాలో తేల్చడం వేరు. నడిపే మనిషిని మెచ్చుకోవచ్చు. తేల్చే మనిషికి జవాబు చెప్పాలి.

"తెలిసినవాళ్ళని తోడు తీసుకెళ్ళడం తప్పా? మగవాళ్ళూ మెకానిక్‌ని తీసుకెళ్తారుగా" అంటారు. తప్పు కాదు. నేనూ తీసుకెళ్ళాను. మగవాడు తెచ్చుకుంటే ఆయన మెకానిక్. నేను తెచ్చుకుంటే ఆయన నా సంరక్షకుడు. తేడా అదీ. కారు మధ్యతరగతి మోజు, దానిమీద స్త్రీవాదం ఎందుకన్నవాళ్ళకీ ఒక మాట. నేను కారుని మోసుకు తిరగమనడం లేదు. ఇవాళ కారు, రేపు ఇల్లు, ఎల్లుండి ఆపరేషన్ ఒప్పందం కాగితం. అన్నిచోట్లా మనల్ని నమ్మమంటారు, పరీక్షించొద్దంటారు. డ్వాక్రా సంఘాల్లో పొదుపు లెక్కలు నేర్చుకున్న ఆడవాళ్ళకి ఆర్.సి. చదవడం, బోనెట్ ఎత్తడం నేర్పడానికి ఒక్క పూట చాలు.

కారు కొనలేదు. కానీ అక్కణ్ణించి వచ్చాక నన్ను తొలిచింది కారు కాదు. బెల్టు మీద గీత చూశాను, పట్టాలు చూశాను, ఇసక చూశాను. ఇది వరదలో మునిగిన కారని నాకు అప్పటికే తెలుసు. అయినా తెలియనట్టు, మెత్తగా, ప్రశ్నగా అడిగాను. అదే మర్యాద నాలోనూ ఉంది. నేను చెప్పాల్సిన మాట నేను చెప్పనందుకు ఆవిడ చెప్పింది. దానికి ఆ సాయంత్రం ఆవిడేం చెల్లించుకుందో నాకు తెలియదు.

వచ్చేవారం కొత్తపేటలో ఇంకో బండి ఉందట. అదే మెకానిక్‌తో వెళ్తాను. జవాబు నా మొహం చూసి చెప్పేదాకా ధర మాట్లాడను. బెల్టు మీద గీత కనిపిస్తే ఈసారి ప్రశ్న అడగను. మునిగిందని చెప్తాను.