అన్నం మానేసిన పిల్లకు వైద్యం ఎవరి బాధ్యత?

ఆడపిల్ల అన్నం మానేస్తే మన ఇళ్లలో ముందు పొగరంటారు, తర్వాత దిష్టి తగిలిందంటారు. సన్నబడితే పెళ్లిచూపులకు మంచిదేనని సంతోషించేవాళ్లూ ఉన్నారు. అది అనొరెక్సియా కావచ్చు. తిన్నదంతా కావాలని కక్కేస్తుంటే బులీమియా కావచ్చు. రెండూ ప్రాణం తీయగల జబ్బులే.

నయం కావాలంటే మానసిక వైద్యులు, ఫిజీషియన్, పోషకాహార నిపుణులు కలిసి నెలల తరబడి చూడాలి. ప్రైవేటులో ఆ ఖర్చు ఎంతమంది భరించగలరు? కూతురి కోసం అప్పు చేసే కుటుంబాలు ఎన్ని?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ప్రభుత్వ వైద్యాన్ని హక్కుగా గుర్తించింది. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి, కార్డు లేకపోయినా, ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో ఉచితంగా చూడాలి. జిల్లాలో ప్రభుత్వం కనీస సేవలు కల్పించకపోతే, అదే జిల్లాలో మరోచోట పొందిన వైద్యం ఖర్చు ప్రభుత్వమే భరించాలి.

చట్టం కాగితం మీద ఉంటే చాలదు. రక్తహీనత గురించి నిలదీసినట్టే దీని గురించీ నిలదీయాలి. మన జిల్లా ఆసుపత్రిలో ఇలాంటి అమ్మాయిని ఎవరు చూస్తారు? వారానికి ఎన్ని రోజులు? లేకపోతే బిల్లు ఎవరు కడతారు? ప్రతి సంఘమూ రాతపూర్వకంగా అడగాలి. జవాబు కూడా రాతపూర్వకంగానే తీసుకోవాలి.