కొలువు మారినవారికి గృహఋణము: బ్యాంకులకును ప్రజలకును ఒక విన్నపము



జీతము హెచ్చి, హోదా హెచ్చి, మేలైన సంస్థలో చేరిన మనిషికి, చేరిన నాటినుండి కొన్ని నెలలు గడచువరకు సొంతయింటికై అప్పు పుట్టకపోవుట మన బ్యాంకుల వ్యవహారమున తరచుగా కానవచ్చు వైపరీత్యము. గచ్చిబౌలి, మాదాపూరు ప్రాంతముల సాఫ్ట్‌వేరు ఉద్యోగులే గాక, ఆసుపత్రి మారిన నర్సులును, జూన్ మాసము రాగానే కళాశాల మారవలసివచ్చు ప్రైవేటు లెక్చరర్లును ఈ చిక్కునకు లోనగుచున్నారు.

లోను డెస్కు కడ జరుగు తంతును చూడుడు. పదేండ్లు ఎడతెగక పనిచేసిన అభ్యర్థి, రెండేండ్ల ఫారం 16ను, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటును, పాత సంస్థవారి రిలీవింగ్ లెటరును, కొత్తవారి అపాయింట్‌మెంట్ లెటరును వరుసగా పేర్చి ముందుంచును. అధికారి కొత్త సంస్థ శాలరీ స్లిప్పులు మూడు అడుగును. రెండే యున్నవనగానే, లెటరులో ‘ప్రొబేషన్ ఆరు నెలలు’ అను పంక్తి క్రింద పెన్సిలుతో గీత గీసి, "కన్ఫర్మేషన్ అయ్యాక రండి సార్" అనును. ఈలోపల సేల్ అగ్రిమెంటు గడువు తీరి, ఇచ్చిన బయానాకు ముప్పు వాటిల్లును.

కొత్త సంస్థలో ఇన్ని నెలలు నిండవలెనను ఈ గడువు రిజర్వు బ్యాంకు విధించినది గాదు. ఆయా బ్యాంకులు తమ ఋణవిధానమున తామే వ్రాసికొన్నది. కావుననే ఒకరు కాదన్న దరఖాస్తును మఱియొకరు మంజూరు చేయుటయు కలదు. బ్యాంకులు అప్పిచ్చునది డిపాజిటుదారుల ధనము గనుక వారి జాగ్రత్తను మేము తప్పుపట్టము. జీతము విడిచి వ్యాపారమున దిగినవాని రాబడిని రెండుమూడేండ్ల ఆదాయపుపన్ను రిటర్నులు చూడక నమ్ముట కష్టమే. కాని అదే వృత్తిలో, అదే నైపుణ్యముతో, నెల తప్పక జీతమందుకొనుచున్నవానిని వ్యాపారికంటెను సందేహాస్పదునిగా నెంచుటకు హేతువేమి?

50 లక్షల ఫ్లాటుకు 40 లక్షల అప్పు 8.5 శాతము వడ్డీతో 20 ఏండ్లకు తీసికొన్నచో ఈఎంఐ సుమారు 34,700 రూపాయలగును. నెలకు 90,000 ఆర్జించినప్పుడు ఆ వాయిదాను మోయగలడని తలచిన మనిషినే, 1,20,000 ఆర్జించు స్థితికి వచ్చిన పిమ్మట మోయలేడనుట ఏ గణితమునకును అందదు. మఱియు మిగిలిన 10 లక్షలును, రిజిస్ట్రేషను ఖర్చులును కొనువాడే పెట్టుకొనును. ఇంటి దస్తావేజులు తాకట్టుగా బ్యాంకు చేతనే యుండును. బాకీ మొండిపడినచో 2002 నాటి సర్ఫేసీ చట్టము క్రింద, కోర్టులో దావా నడుపకయే, ఆస్తిని స్వాధీనపరచుకొను హక్కును బ్యాంకునకు కలదు.

సేవాకాలమునకు సాక్ష్యము కావలెనన్న అదియు దుర్లభము గాదు. 2014 నుండి పీఎఫ్ చందాదారునకు యూఏఎన్ అను ఒకే సంఖ్య యున్నది; సంస్థలెన్ని మారినను ఏ నెల ఎవరు చందా కట్టినదియు పాస్‌బుక్కులో తెలియును. దానిని ఫారం 26ఏఎస్‌లోని పన్నుకోతతో సరిపోల్చుట ఒక పూట పని.

కావున ప్రతి బ్యాంకును ‘ప్రస్తుత సంస్థలో సేవాకాలము’ అను నిబంధనను తొలగించి, వృత్తిలోని మొత్తము సేవాకాలమును ప్రమాణముగా గైకొనవలెనని కోరుచున్నాము. రెండేండ్లపాటు పీఎఫ్ చందా తెగక సాగియున్నచో ప్రొబేషన్ మాత్రమే నిరాకరణకు కారణము కారాదు. అంతగా శంకయున్నచో అప్పు మొత్తమును కొంత తగ్గించి మంజూరు చేయవచ్చును. సేవాకాలము చాలదని త్రోసిపుచ్చిన దరఖాస్తుకు ప్రాసెసింగ్ ఫీజు తిరిగి యీయవలెను; ఏలయన ఆ సంగతి మొదటి రోజుననే, మొదటి కాగితముననే తెలియును.

ఇక ప్రజలు చేయవలసినది. నోటిమాటగా చెప్పిన నిరాకరణను స్వీకరింపకుడు. రిజర్వు బ్యాంకు 2003లో ప్రకటించిన న్యాయవ్యవహార నియమావళిని 2007లో సవరించి, ఎంత మొత్తపు ఋణమునకైనను, త్రోసిపుచ్చుటకు ముఖ్యకారణమును వ్రాతపూర్వకముగా తెలుపవలెనని బ్యాంకులను ఆదేశించినది. దరఖాస్తును రసీదుతో ఇచ్చి, కారణమును కాగితముమీద అడుగుడు. ఈయనిచో బ్యాంకునకు ఫిర్యాదు వ్రాసి, 30 రోజులలో బదులు రానియెడల, 2021లో ఏర్పడిన సమీకృత అంబుడ్స్‌మన్ పథకము క్రింద మొరపెట్టుకొనుడు. అప్పు ఇమ్మని అంబుడ్స్‌మన్ శాసింపజాలడు, వ్యాపారనిర్ణయములు ఆ పథకమునకు వెలుపలివి. కాని కారణము తెలుపకపోవుట నియమోల్లంఘనము, దానిని ప్రశ్నింపవచ్చును. అట్లు లభించిన నిరాకరణ పత్రముల ప్రతులను రెండు తెలుగు రాష్ట్రములందలి రాష్ట్రస్థాయి బ్యాంకర్ల సమితులకును పంపుడు. మాటతో వెనుకకు మరలింపబడినవాడు ఏ లెక్కలోను చేరడు. పత్రములు చేరినప్పుడే సమితివారు ఈ నిబంధనను చర్చకు తీసికొనవలసివచ్చును.