వాచ్ చూపించిన క్యాలరీలన్నీ తినేయొచ్చా?

వర్కవుట్ అవ్వగానే వాచ్ 400 క్యాలరీలు కరిగాయని చూపిస్తుంది. మైఫిట్‌నెస్‌పాల్ లాంటి యాప్‌కి కనెక్ట్ చేసి ఉంటే, ఆ రోజు తినే కోటాకి అవి కలుస్తాయి కూడా. బరువు తగ్గాలనుకుంటే మాత్రం ఆ కోటా మొత్తం తినేయొద్దనే నేనంటాను.

ఎందుకంటే వాచ్ క్యాలరీలని నేరుగా కొలవదు. హార్ట్ రేట్, కదలికలు, మనమిచ్చిన వయసు, బరువు చూసి అంచనా వేస్తుందంతే. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చేతికి పెట్టుకునే ఏడు డివైజ్‌లని 60 మందిపై టెస్ట్ చేశారు. ఆరింటిలో హార్ట్ రేట్ తేడా 5 శాతం లోపే ఉంది. క్యాలరీల్లో మాత్రం అన్నిటికంటే మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది. మరీ అధ్వాన్నమైనది 93 శాతం! అవి పాత మోడల్సే అయినా, ఇప్పటి వాచ్‌లు వేసేదీ అంచనానే.

నిజంగా 300 కరిగితే వాచ్ 400 చూపించిందనుకోండి. ఆ 400 తినేస్తే, రోజుకి 300 తక్కువ తినాలని ప్లాన్ చేసుకున్నవాళ్లకి అందులో మూడో వంతు పోయినట్టే. యాప్ ప్రొఫైల్‌లో ముందే 'యాక్టివ్' అని పెట్టుకుని ఉంటే, ఒకే వర్కవుట్‌ని రెండుసార్లు లెక్కేసినట్టు కూడా అవుతుంది.

అలాగని అసలు తినొద్దని కాదు. 15 కిలోమీటర్లు పరిగెత్తి పస్తులుంటే ఆ డైట్ ఎన్నాళ్లో నిలవదు. మామూలు వాకింగ్‌కి ఏమీ కలపకండి. గట్టి వర్కవుట్ చేసిన రోజు వాచ్ చూపించినదాంట్లో సగం తినండి. మూడు వారాలు బరువు సగటు చూడండి. మరీ వేగంగా తగ్గుతుంటే పెంచండి, కదలకపోతే తగ్గించండి.