బ్యాటరీ మాటిమాటికి దిగిపోవుట



మూడు దినములు కదలక నిలిచిన మా కారు, వేకువజామున అత్తగారికి ఆయాసము హెచ్చినపుడు మొరాయించినది. పొరుగువారి బండి యాదుకొన్నది. ఏడాదిలో రెండవ క్రొత్త బ్యాటరీ యది! తొట్టికి చిల్లి యుండగా ఎన్ని బిందెలు పోసిన నేమి?

పరీక్షలు మూడు. మొదటిది: బ్యాటరీని నిండుగా ఛార్జి చేయించి, ఋణధ్రువపు తీగె విప్పి, ఒక రాత్రి యుంచుడు. ఉదయమున మల్టీమీటరు 12.6 వోల్టుల దరి చూపిన బ్యాటరీ మంచిదే; 12.2కు దిగిన లోపము దానిదే. రెండవది: ఇంజను నడచుచుండగా సుమారు 14 వోల్టు లుండవలయును, లేనిచో ఆల్టర్నేటరును, దాని బెల్టును చూపింపుడు. మూడవది మెకానిక్కుచే చేయింపుడు: అన్నియు ఆపి, తలుపులు మూసి, అరగంట తాళి, ఊరక పోవుచున్న విద్యుత్తును కొలువవలయును. అది 50 మిల్లీయాంపియర్లు మించినచో, ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీయగా దొంగ పట్టుబడును.

మా దొంగ డిక్కీలోని 5 వాట్ల దీపము! స్విచ్చి చెడి, మూత వేసినను ఆరుట లేదు. దినమునకు 10 ఆంపియరు-గంటలు త్రాగుచుండ, 35 ఆంపియరు-గంటల బ్యాటరీ మూడు దినములకే దిగిపోవుట వింత కాదు.

కావున మూడవ బ్యాటరీ కొనకముందు, మీటరు పెట్టి చూచితిరా యని అడుగుడు. ఇది మనకు తగునా యను సంకోచము వలదు. వెచ్చమును మన యింటిదే, ప్రాణమును మనవారిదే.