పొగ ఎవరి ఖాతాలో రాయాలి?

ఈమధ్య హైదరాబాద్ నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌కు వచ్చిన మా బావమరిది మా మేడ మీద పిట్టగోడను వేలితో గీసి, అంటిన బొగ్గుపొడి చూపిస్తూ అన్నాడు: "బావా, ఉద్గారాల్లో ప్రపంచంలో మనది మూడో స్థానం. అందులో మీ బిలాస్‌పూర్, కోర్బాల పుణ్యమే ఎక్కువ. చరిత్ర, న్యాయం అంటూ సాకులు మానేసి అన్ని దేశాలతో సమానంగా మనమూ తగ్గించుకోవాలి." అతనొక్కడి మాటే అయితే వదిలేసేవాణ్ణి. చదువుకున్న మనవాళ్లలో చాలామంది ఇదే పాట అందుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

మూడో స్థానమట! నూట నలభై కోట్లమందిని ఒక్క కుప్పగా పోసి లెక్కేస్తే ఏ స్థానమైనా వస్తుంది. మనిషికి ఏడాదికి మనవాడి వాటా సుమారు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్. అమెరికావాడిది 14 టన్నులకు అటూఇటూ. ఇప్పటిదాకా బొగ్గు, చమురు కాల్చి గాల్లోకి వదిలినదాంట్లో దాదాపు నాలుగో వంతు ఆ ఒక్క దేశానిదే. మనది నూటికి నాలుగు కూడా లేదు. పర్యావరణవేత్తలు అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ 1991లోనే ఈ అన్యాయాన్ని ఎత్తిచూపారు. మరుసటి ఏడాది రియో సదస్సులో, బాధ్యత అందరిదే అయినా భారం అందరికీ ఒకటి కాదని దేశాలన్నీ ఒప్పుకున్నాయి. ఆ అమెరికాయే 2025 జనవరిలో రెండోసారి పారిస్ వాతావరణ ఒప్పందం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ఇక తలసరి లెక్క తీస్తే, జనాభాను పెంచుకున్నది మీరే కదా అనేవాళ్లకు జవాబు చెప్పడం దండగ.

నా అసలు కోపం, పొగగొట్టం ఎక్కడుంటే పద్దు అక్కడే రాసే పద్ధతి మీద. మా బావమరిదికి గుర్తులేదేమో, 2014 నవంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం ఛత్తీస్‌గఢ్‌తో కరెంటు ఒప్పందం చేసుకుంది. జాంజ్‌గీర్-చాంపా జిల్లా మార్వాలో ఉన్న 1000 మెగావాట్ల ప్లాంటు కరెంటు కొన్నేళ్లు అటు వెళ్లింది. హైదరాబాద్‌లో ఏసీలు తిరిగాయి, బూడిద మార్వాలో మిగిలింది. ఆ కొనుగోలు మీద 2024లో విచారణ కమిషన్ వేశారు. రేటు మీద, బకాయిల మీద వాదించుకున్నారు. బూడిద ప్రస్తావన మాత్రం నేను చదివినంతలో ఎక్కడా రాలేదు. బిలాస్‌పూర్ పక్కనే సీపత్‌లో ఎన్‌టీపీసీది 2980 మెగావాట్ల ప్లాంటు. ఆ కరెంటులోనూ చాలాభాగం గుజరాత్, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్‌లదే.

బొగ్గు కోసం ఈ ఊరు ఏం వదులుకుంటుందో బయటివాళ్లకు తెలియదు. 2022 ఏప్రిల్ చివర్లో దేశంలో కరెంటు కొరత వచ్చినప్పుడు బొగ్గు రేకులకు, అంటే గూడ్సు రైళ్లకు, లైను ఖాళీ చేయడానికి ప్యాసింజర్ రైళ్లు రద్దు చేశారు. పెద్ద దెబ్బ మా రైల్వే జోన్ మీదే పడింది. పెళ్లిళ్ల రోజులు, ఎండాకాలం సెలవులు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి ఇక్కడ స్థిరపడిన తెలుగువాళ్లం, ఊరెళ్లాలంటే మాకు రైలే దిక్కు. టికెట్లు పట్టుకుని మేం ఎదురుచూస్తుంటే కోర్బాలోని గేవ్రా, దీప్కా, కుస్ముండా గనుల బొగ్గు రేకు తర్వాత రేకు మా కళ్లముందే పోయింది. ఎవరి కరెంటు కోసం? ఆ పొగ మాత్రం మా పద్దులో!

దేశాల మధ్య జరుగుతున్నదీ ఇదే. ఫ్యాక్టరీ ఇక్కడ, వాడకం అక్కడ. 2026 జనవరి నుంచి యూరప్ తన సరిహద్దులో ఉక్కు, అల్యూమినియం, సిమెంటు లాంటి సరుకుల మీద కార్బన్ రుసుము పెట్టింది. వాడేవాడికీ ఆ పొగతో సంబంధం ఉందని దాంతో వాళ్లే ఒప్పుకున్నట్టయింది. మరి పద్దు మాత్రం మన పేరునే ఎందుకుంచారు? ఆ డబ్బు గని పక్క పల్లెకు రాకుండా యూరప్ ఖజానాకు ఎందుకు పోవాలి?

వాడుకున్నవాడి పేరున లెక్క రాయాలి. పాత బాకీ కలపాలి. ఉద్గారాల కోతలు ఆ తర్వాతే పంచాలి. ఢిల్లీ పెద్దలు బయట సభల్లో అడిగే ఈ న్యాయాన్నే దేశంలోపల కోర్బాకూ ఇవ్వాలి. కరెంటు వాడుకునే రాష్ట్రాలు యూనిట్‌కు ఇంతని ఈ జిల్లాలకు కట్టాలి. ఎంత, ఎలా అన్నది నిపుణులు కూర్చుని తేల్చుకోవచ్చు. బొగ్గు ఎప్పటికైనా ఆగాల్సిందే, నేను కాదనను. ఆగిననాడు ఈ లోకో పైలట్లకు, సైడింగ్ కూలీలకు, గని కాంట్రాక్టు కార్మికులకు జీతం ఎవరిస్తారో కోతల తేదీలు రాసే కాగితం మీదే రాయాలి.