పొత్తిగుడ్డల పునరాగమనం

షేక్‌స్పియర్ నాటకం 'ది టేమింగ్ ఆఫ్ ది ష్రూ'కు ముందు ఒక ప్రస్తావన ఉంది. గిన్నెలకు మాట్లు వేసుకుని బతికే ఒక తాగుబోతు ఒళ్ళు తెలియకుండా పడి ఉంటాడు. అటుగా వచ్చిన ఒక ప్రభువు వాణ్ణి తన భవనానికి చేర్పించి, మేలుకోగానే వాడే ఆ ఇంటి యజమాని అని నమ్మించమని సేవకులను ఆజ్ఞాపిస్తాడు. ఒకడు పన్నీరు పోసిన పళ్ళెం పట్టాలి, ఒకడు నీళ్ళ కూజా అందించాలి, మూడోవాడు 'డయపర్' పట్టుకుని నిలబడాలి.

నేటి పాఠకుడికి అక్కడ నవ్వు రాక మానదు. కాని ఆనాడు ఆ మాటకు చేతులు తుడుచుకునే తువాలు అని అర్థం. మొదట అది చిన్న చిన్న వజ్రాకారపు గళ్ళు పడేలా నేసిన మేలురకం గుడ్డకు పేరు. ఆ గుడ్డ తువాలుగా మారి, ఆ తరువాత పసిబిడ్డల మొలకు చేరింది. ఇన్ని శతాబ్దాలూ ఆ మాట ఉతికి మళ్ళీ వాడుకునే వస్తువునే సూచించింది. వాడి పారవేసేది అన్న అర్థం ఇరవయ్యో శతాబ్దం ఉత్తరార్ధంలో గాని స్థిరపడలేదు.

తెలుగులో అప్పుడే పుట్టిన శిశువును 'పొత్తిళ్ళలో బిడ్డ' అంటారు. ఇంట్లో పురుడు రానున్నదని తెలియగానే అమ్మమ్మలు మెత్తబడిన పాత పంచెలూ నేత చీరెలూ ఏరి, ఉతికి, చింపి, మడిచి పెట్టెలో దాచేవారు. కొత్తగుడ్డ బిడ్డ ఒంటికి గరుకు. పాతగుడ్డకు మెత్తదనం వాడకం వల్ల వస్తుంది. ఇప్పుడు బజారులో 'మోడరన్ క్లాత్ డయపర్' అనే పేరుతో దొరుకుతున్నది ఆ పొత్తిగుడ్డకు దూరపు బంధువు కాదు, సొంత మనుమరాలే.

స్నానాల గది తెర నుంచి

పాతగుడ్డకు ఉన్న లోపం ఒక్కటే: అది తడిస్తే పక్క తడుస్తుంది, ఎత్తుకున్నవారి ఒడీ తడుస్తుంది. పాశ్చాత్య దేశాలలో దీనికి విరుగుడుగా గుడ్డపైన రబ్బరు లాగులు తొడిగేవారు. వాటిలో గాలి ఆడక, బిడ్డ చర్మం ఒరిసిపోయి ఎర్రబడేది.

1946లో అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో మారియన్ డోనోవన్ అనే గృహిణి ఈ బెడద పడలేక, స్నానాల గదిలో వేలాడే తెరను కత్తిరించి బిడ్డకు పై తొడుగు కుట్టింది. తరువాత దానినే పారాషూట్లకు వాడే నైలాను గుడ్డతో కుట్టి, పిన్నీసులకు బదులు టిచ్ బటన్లు అమర్చింది. తయారీదారులు ఆసక్తి చూపకపోతే తానే అమ్మకానికి పెట్టింది. 1949లో న్యూయార్కులోని ఒక పెద్ద దుకాణంలో అది అమ్మకానికి వచ్చింది. 1951లో పేటెంటు లభించింది. ఆ పైన ఆమె కాగితంతో వాడి పారవేసే డయపర్ చేయాలని తలపోసింది గాని, ఆ ఆలోచనను ఏ కంపెనీ పెద్దలూ లక్ష్యపెట్టలేదు. పదేళ్ళ తరువాత, 1961లో, పాంపర్స్ అనే వాడి పారవేసే డయపర్ అమెరికాలోని పియోరియా నగరంలో ప్రయోగాత్మకంగా బజారుకెక్కింది. నేటి గుడ్డ డయపర్‌కూ, పారవేసే డయపర్‌కూ కూడా ఆలోచన ఒకే తల్లి ఇంట్లో పుట్టిందనవచ్చు.

మనుమరాలి రూపురేఖలు

ఆధునికమైన గుడ్డ డయపర్‌లో ముఖ్యంగా రెండు భాగాలుంటాయి. పై తొడుగు పాలిస్టరు గుడ్డ. దానికి లోపలివైపు పాలీయురిథేన్ అనే పదార్థపు పలుచని పొర అతికి ఉంటుంది. తడిని బయటికి రానీయదు, రబ్బరంత ఉక్కగా ఉండదు. రెండోది తడిని పీల్చే లోగుడ్డ. ఇది నూలుది కావచ్చు, జనుమును పోలిన హెంప్ నారది కావచ్చు, వెదురు గుజ్జు నుంచి తీసిన నూలుది కావచ్చు, మైక్రోఫైబర్ అనే కృత్రిమ నూలుది కావచ్చు.

మైక్రోఫైబర్ త్వరగా పీలుస్తుంది, త్వరగా ఆరుతుంది. కాని నొక్కితే పీల్చిన తడిని వదిలేస్తుంది. పైగా అది చర్మంలోని తేమను కూడా లాగివేస్తుంది గనుక నేరుగా బిడ్డ ఒంటికి తగలనీయరాదు. నూలు, హెంప్ లోగుడ్డలు నిదానంగా పీల్చినా ఎక్కువ పట్టి ఉంచుతాయి. అమర్చే తీరును బట్టి తొడుగులో సంచీవలె జేబు ఉన్నవీ, రెండూ కలిపి కుట్టేసినవీ, పై తొడుగులో చదరపు గుడ్డను మడిచి పెట్టుకునేవీ దొరుకుతాయి. మొదటిసారి కొనేవారికి చివరి రకమే చవక. త్వరగా ఆరేదీ అదే.

ఈ పెట్టె ఇంటికి వచ్చిన రోజున చాలా ఇళ్ళలో ఒకే సంభాషణ వినబడుతుంది.

"పాత పంచె చింపితే సరిపోయేదానికి ఇంత ఖరీదా, అమ్మాయ్?"

"పంచె తడిస్తే పక్క తడిసేది కదండీ, అత్తయ్యా. ఇది తడిసినా పక్క తడవదు."

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. ఆ పాత మల్లు పంచెనే నాలుగు మడతలు వేసి ఈ పై తొడుగులో పెడితే ఇద్దరి మాటా చెల్లుతుంది.

తొడిగే పద్ధతి

నడుము దగ్గర రెండు వేళ్ళు దూరేంత సందు ఉండాలి. తొడల దగ్గరి ఎలాస్టిక్ గజ్జల మడతలో కూర్చోవాలి. తొడ మీదికి జారితే తడి అక్కడినుంచే కారుతుంది. లోగుడ్డ అంచు ఏ కాస్త బయటికి కనిపించినా, దీపపు వత్తి నూనెను లాగినట్లు తడిని బట్టలకు ఎక్కిస్తుంది. మగపిల్లలకు ముందువైపు, ఆడపిల్లలకు నడిమి భాగాన ఒక మడత ఎక్కువ వేయడం మంచిది. బిడ్డ కాళ్ళు కప్ప కాళ్ళవలె వంగి, ఎడంగా ఆడుతూ ఉండాలి. కాళ్ళు చాపి బిగించి చుట్టడం తుంటి కీలుకు మంచిది కాదని వైద్యులు చెబుతారు.

ఇక్కడ ఒక సత్యం దాచరాదు. పారవేసే డయపర్‌లో సోడియం పాలీఆక్రిలేట్ అనే పొడి ఉంటుంది. అది శుద్ధజలాన్నయితే తన బరువుకు కొన్ని వందల రెట్లు పీల్చుకుంటుంది. ఉప్పులు కలిసిన మూత్రాన్ని అంతకంటే చాలా తక్కువ పీల్చినా, గుడ్డ కంటే ఎక్కువే పట్టి, జిగురుగా మార్చి బంధిస్తుంది. గుడ్డకు ఆ శక్తి లేదు. కనుక గుడ్డ డయపర్‌ను పగలు రెండు మూడు గంటలకొకసారీ, విరేచనమైతే ఆ క్షణమే మార్చవలసిందే. గుడ్డ కనుక ఒరుపు రాదన్న ధీమా పనికిరాదు. రోజులో కొంతసేపు ఏ డయపరూ లేకుండా గాలి తగలనీయడం ఏ లేపనం కంటేనైనా మేలు. రెండు మూడు రోజులైనా ఎరుపు తగ్గకపోయినా, మడతలలో ఎర్రని పొక్కులు కనిపించినా వైద్యుని సంప్రదించాలి.

ఉతుకులో ఉన్నది గుణం

కొత్త నూలు గుడ్డకు సహజమైన జిడ్డు ఉంటుంది. నాలుగైదు ఉతుకులైతే గాని అది సరిగా పీల్చదు. మొదటి రోజే కారిపోయిందని వస్తువును నిందించేవారు ఈ సంగతి మరచిపోతారు.

వాడిన వెంటనే మలాన్ని మరుగుదొడ్డిలో దులిపి, చన్నీళ్ళతో జాడించాలి. మూత్రపు గుడ్డలను కూడా ఒకసారి జాడించి, నీళ్ళు లేని బకెట్టులో గాలి తగిలేటట్లు ఉంచాలి. మూత బిగించిన బకెట్టులో వాసన పెరుగుతుంది; గంటల తరబడి నీళ్ళలో నానబెడితే ఎలాస్టిక్, పాలీయురిథేన్ పొర చెడతాయి. రెండు రోజులకు మించి నిలవ ఉంచరాదు.

ఉతికేటప్పుడు జేబులోని లోగుడ్డను బయటికి తీయాలి. ముందు చన్నీళ్ళతో ఒక ఉతుకు, ఆ పైన సబ్బుపొడి వేసి 40 నుంచి 60 డిగ్రీల వేడినీళ్ళలో అసలు ఉతుకు. పసిబిడ్డ గుడ్డలని జాలిపడి చిటికెడు పొడి వేయడం పొరపాటు, మురికి పోదు. అలాగని గుప్పెళ్ళతో వేస్తే సబ్బు గుడ్డలోనే నిలిచిపోతుంది. నురుగు పోయేదాకా జాడించడమే కొలత. బోరునీళ్ళు ఉప్పగా, గట్టిగా ఉండే ఊళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బు పని సాగనీయవు. అటువంటి చోట పొడి కాస్త ఎక్కువ పట్టడం సహజం.

బట్టలు మెత్తబడడానికి, సువాసనకు వాడే ద్రవాలు వీటికి శత్రువులు. అవి నూలుపై పూత కట్టి తడిని పీల్చనీయవు. జిడ్డుగల లేపనాలదీ అదే పని. లేపనం రాయక తప్పనప్పుడు బిడ్డకూ డయపర్‌కూ నడుమ పలుచని గుడ్డ ఒకటి పరచాలి.

లోగుడ్డలను మండుటెండలో ఆరవేయాలి. మరకలను విరిచే గుణం ఎండకు ఉన్నది. పై తొడుగులను మాత్రం నీడన, ఎలాస్టిక్ సాగకుండా తీగపై అడ్డంగా వేయాలి. వాటిని మెలితిప్పి పిండరాదు, ఇస్త్రీ చేయరాదు. వానాకాలంలో దళసరి లోగుడ్డలు రెండు రోజులైనా ఆరవు. అప్పుడు ఆదుకునేది మడిచి వాడే పలుచని పాతగుడ్డే. విప్పి పంకా కింద పరిస్తే రాత్రికి రాత్రే ఆరుతుంది.

ఉతికిన గుడ్డ తడవగానే ఘాటుగా నవాసారపు వాసన వేస్తే ఉతుకు చాలలేదని అర్థం. పీల్చకుండా కారుతుంటే సబ్బో, జిడ్డో మిగిలి ఉందని అర్థం.

లెక్కలు, చేతులు

రోజుకు 6 చొప్పున పారవేసే డయపర్లు ఏడాదికి 2,190. ఒక్కొక్కటి 10 రూపాయలనుకుంటే 21,900 రూపాయలు. రెండు రోజులకొకసారి ఉతికే ఇంటికి గుడ్డవి 20 చాలు. ఒక్కొక్కటి 400 అనుకున్నా 8,000 రూపాయలు. నీళ్ళు, సబ్బు, విద్యుత్తు కలిపినా ఆదా మిగులుతుంది. రెండో బిడ్డకు పనికి వస్తే ఇంకా మిగులుతుంది.

పర్యావరణం మాట ఇంత సులువు కాదు. బ్రిటన్‌లో 2008లో ప్రచురితమైన ఒక ప్రభుత్వ అధ్యయనంలో, ఒక బిడ్డకు రెండున్నర ఏళ్ళు వాడితే వాతావరణాన్ని వేడెక్కించే వాయువులు పారవేసే రకం వల్ల 550 కిలోలు, గుడ్డ రకం వల్ల 570 కిలోలు వెలువడతాయని తేలింది. అంటే గుడ్డకే కాస్త ఎక్కువ! అయితే యంత్రం నిండా వేసి ఉతికి, తీగ మీద ఆరవేసి, రెండో బిడ్డకు కూడా వాడితే గుడ్డ లెక్క 40 శాతం వరకు తగ్గుతుందని కూడా అదే అధ్యయనం చెప్పింది. 2023లో అక్కడే వెలువడిన మరో అధ్యయనంలో గుడ్డ రకానికి పారవేసే రకం కంటే సుమారు 25 శాతం తక్కువ వచ్చింది. తీగ, ఎండ, తమ్ముడికి అన్న బట్టలు మన ఇళ్ళకు కొత్తగా నేర్పవలసినవి కావు.

వీటికి తోడు రెండు జతల చేతుల సంగతి ఉంది. మన దేశంలో 2016 నాటి ఘనవ్యర్థాల నియమాలు వాడిన డయపర్లను విడిగా చుట్టి ఇవ్వమన్నాయి. అలా చుట్టని ఇంటి చెత్తను తెరిచి, ఆ మలాన్ని ఒట్టి చేతులతో ఏరేది పారిశుద్ధ్య కార్మికులే. ఇంట్లో సుఖంగా ముగిసిన పని వీధి చివర మరొకరి చేతికి అంటుకుంటున్నది. గుడ్డ డయపర్ ఆ మలాన్ని దాని చోటుకే, మరుగుదొడ్డికే పంపుతుంది.

రెండో జత ఇంట్లోని చేతులు. పచ్చి బాలింత నడుము వంచి బకెట్టు ముందు కూర్చుంటే, లేదా ఆ పని ముసలి అత్తగారి మీదో, జీతం పెంచని పనిమనిషి మీదో పడితే, వీధిలో తగ్గించిన బరువు ఇంట్లో మరొకరి నెత్తిన వేసినట్లే. చాలా ఇళ్ళలో గుడ్డ డయపర్లు మూడో వారానికే అటక ఎక్కడానికి కారణం గుడ్డ కాదు, ఉతికే వంతు ఒక్కరిదే కావడం.

అందుచేత కొనేముందు రకమూ రంగూ ఎంచుకోవడం కంటే, రాత్రిళ్ళు జాడించేది ఎవరు, ఉదయం ఆరవేసేది ఎవరు అని తండ్రితో సహా ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోవడం అవసరం. మొదట నాలుగైదే కొని పగటిపూట వాడి చూడాలి. రాత్రికీ ప్రయాణాలకూ పారవేసేవి వాడినా తప్పు లేదు. తగ్గిన ప్రతి ఒక్కటీ తగ్గినట్లే. అటక మీది పెట్టెలో అమ్మమ్మ దాచిన పాత పంచె ఉంటే దానిని కూడా దింపాలి. ఉతికి, మడిచి, కొత్త తొడుగులో పెడితే మరో తరానికి అది పనికి వస్తుంది.